యోబు గుండె బాగుపడిన చలికాలం

నీ మొగుడు మంచివాడమ్మా అని ఎవరైనా అంటే మార్తమ్మ ఒప్పుకోదు. చెడ్డవాడన్నా ఒప్పుకోదు. "చెడ్డోడు కావాలన్నా జర తెలివుండాలె" అంటుంది. ఇన్నేళ్లు కాపురం చేసిన మనిషి మాట. తోసిపారేయడానికి మనమెవరం?

ఆమె మొగుడు యోబుకు పుట్టుకతో వచ్చిన రోగం ఒక్కటే, పొగడ్త. కాస్త ఎవరైనా మెచ్చుకుంటే చాలు, ఉబ్బి తబ్బిబ్బై ఒళ్లు మరిచిపోతాడు. వయసులో ఉండగా బాయిలో, అంటే బొగ్గుగనిలో, పైకప్పు కూలకుండా దుంగలు నిలబెట్టే పని చేసేవాడు. "భుజమంటే యోబుదేరా" అని పని చేయించే సర్దారు ఒక్కమాట అంటే తన దుంగలే కాక పక్కవాడి దుంగలు కూడా మోసేవాడు. ఆ పక్కవాడు గోడకు ఆనుకుని తంబాకు నలుపుకుంటూ కూర్చునేవాడు. సమ్మె రోజుల్లో ఒక నాయకుడు వీపు తట్టి "నీలాంటోళ్లుంటెనే యూనియన్" అన్నాడని గేటు ముందు నిరాహార దీక్షకు కూర్చున్నాడు. నాయకుడు వెనక టెంటులో బిర్యానీ తిని, మూతి తుడుచుకుని వచ్చి ఈయన మెడలో దండ వేశాడు. చర్చిలో ఒకసారి పాస్టరుగారి భార్య ఆయన గొంతు బాగుందని మాటవరసకు అన్నది. ఆమె చేసిన ఆ తప్పుకు సంఘమంతా ఇప్పటికీ ప్రతి ఆదివారం శిక్ష అనుభవిస్తోంది.

"నిన్ను పొగిడితె ఇల్లు గూడ రాసిస్తవ్" అని మార్తమ్మ ఎన్నోసార్లు తిట్టింది. అదృష్టం కొద్దీ అది కంపెనీ క్వార్టరు కాబట్టి రాసివ్వడానికి కుదరలేదు.

అలాంటి యోబుకు రెండేళ్ల కింద నిజంగానే గుండెజబ్బు వచ్చింది. డ్యూటీ అయిపోయి బాయిలోంచి పైకి ఏటవాలు దారి ఎక్కుతూ ఛాతీ పట్టుకుని కూలబడ్డాడు. తోటివాళ్లు స్ట్రెచరు మీద మోసుకొచ్చారు. దవాఖానలో గుండెకు రక్తం సరిగ్గా అందడం లేదన్నారు, బీపీ అన్నారు, షుగర్ అన్నారు. మందులిచ్చి, బరువు పని మాన్పించి, బాయిలో ఊరే నీళ్లు తోడే పంపు దగ్గర కూర్చోబెట్టారు. పంపు దానంతట అదే నడుస్తుంది, ఈయన దాని పక్కన కూర్చుంటాడు. పంపు ఎవరినీ పొగడదు. ఆ డ్యూటీ ఆయనకు జైలులాగే ఉండేది.

ఇక్కడొక సంగతి చెప్పాలి, లేకపోతే ఈ కథ బయటివాళ్లకు ఎక్కదు. లోకంలో ఎక్కడైనా ఇంటిపెద్దకు గుండెజబ్బు వస్తే ఇంటిల్లిపాదీ ఏడుస్తారు. గోదావరిఖనిలోనూ ఏడుస్తారు. ఏడ్చి, ముక్కు చీది, సర్వీసు ఇంకా ఎంత మిగిలింది అని అడుగుతారు. జబ్బు వల్ల ఈ మనిషి పని చేయలేడని కంపెనీ మెడికల్ బోర్డు తేలిస్తే అతన్ని ఇంటికి పంపి, ఉద్యోగం పిల్లల్లో ఒకరికి ఇస్తారు. దీన్నే అన్‌ఫిట్ కావడం అంటారు. అన్‌ఫిట్ అయినవాడి ఇంట్లో యాటను కోసి విందు చేస్తారు. చుట్టాలు స్వీటు డబ్బాలు పట్టుకుని వస్తారు. "మీ ఆయన అన్‌ఫిట్ అయిండటగద, మంచిగైంది" అని ఆడవాళ్లు చేతులు పట్టుకుని సంతోషపడతారు. పక్క క్వార్టరు లింగమూర్తి మోకాళ్ల అరుగుదలతో అన్‌ఫిట్ అయ్యాడు, కొడుకు ఆయన జాగాలో చేరాడు. అప్పటి నుంచి లింగమూర్తి గల్లీలో జబ్బుల మీద పెద్ద పండితుడు. ఎవరికి దగ్గు వచ్చినా ముందు ఆయన్నే అడుగుతారు.

యోబు ఇంట్లో ఆ ఉద్యోగం రావాల్సింది హన్నాకు. ఒక్కతే కూతురు. ఎమ్మెస్సీ చదివి ప్రైవేటు స్కూల్లో లెక్కలు చెబుతుంది. లెక్కలు చెప్పడం చిన్న పని, మిగతావే పెద్ద పనులు. పొద్దున బస్సులో పిల్లల్ని ఎక్కించుకోవాలి, సాయంత్రం దింపాలి, ఎండాకాలం ఇంటింటికీ తిరిగి మీ పిల్లల్ని మా బళ్లో వేయండని బతిమాలాలి. బళ్లో చేరినవాళ్లు తగ్గితే ప్రిన్సిపాలు అందరి ముందు ఆమెనే నిలబెట్టి అడుగుతాడు. ఎండాకాలం సెలవులకు జీతం ఉండదు. హన్నా ఇంట్లో ఎప్పుడూ ఏమీ అడిగే పిల్ల కాదు. ఒక్కసారి మాత్రం తల్లితో అన్నది: "నా పేరు మీద గూడ ఒక మస్టరు పడాలె అవ్వా. ఎవ్వలు పొమ్మన్నా పోకుండ ఉండే పని." మస్టరు అంటే బాయి గేటు దగ్గర వేసే హాజరు. ఆ మాట విన్న రోజు మార్తమ్మ రాత్రంతా ప్రార్థనలోనే ఉంది.

యోబు కూడా ఆ మాట విన్నాడు. దరఖాస్తు పెట్టాడు. జబ్బు నిజమైనదే, దొంగ పని ఏమీ లేదు, బోర్డు పిలవడమే తరువాయి. కాకపోతే గడువు దగ్గర పడింది. రిటైర్మెంటుకు రెండేళ్లు మిగిలి ఉంటేనే పిల్లలకు ఉద్యోగం. ఈ చలికాలం దాటితే యోబుకు ఆ రెండేళ్లు ఉండవు. ఇదొక్కటే అవకాశం, ఇంకోటి రాదు. ఇంట్లో ముగ్గురికీ ఈ సంగతి తెలుసు.

మార్తమ్మ పోయి పాస్టరుగారిని ప్రార్థన చేయమని అడిగింది. ఆయన పాపం ఇరుకున పడ్డాడు. ఫలానా మనిషి గుండె బాగు కాకుండా చూడు ప్రభువా అని ఏ పాస్టరు ప్రార్థిస్తాడు? కళ్లు మూసుకుని చాలాసేపు నీళ్లు నమిలి, "నీ చిత్తమే జరుగును గాక" అని ముగించాడు. మార్తమ్మకు ఆ ప్రార్థన అంతగా నచ్చలేదు.

సరిగ్గా అప్పుడే ఊళ్లోకి సైకిళ్ల పిచ్చి దిగింది.

దాన్ని మోసుకొచ్చినవాడు భూపాల్. చౌరస్తా దగ్గర టైల్సు, బాత్రూము సామాను షోరూము ఆయనది. మేనల్లుడి పెళ్లికని బెంగుళూరు పోయి, అక్కడ తెల్లారగట్ల కుర్రాళ్లు సైకిళ్ల మీద ఎటో పోతుంటే చూసి, ఎటని అడిగాడు. ఊరి బయట తాజాగా బీరు కాచే బ్రూవరీలు ఉన్నాయని, చలికాలం సెలవు రోజుల్లో అక్కడిదాకా తొక్కి, తాగి వస్తామని వాళ్లు చెప్పారు. భూపాల్‌కు జ్ఞానోదయమైంది. అంతకుముందు ఆయన తాగితే తాగుబోతు అనేవాళ్లు. సైకిలు మీద పోయి తాగితే స్పోర్ట్స్‌మన్ అంటారని ఆ పొద్దున తెలిసింది.

వచ్చీరాగానే కోల్‌బెల్ట్ రైడర్స్ అని క్లబ్బు పెట్టాడు. ఇన్సూరెన్సు ఆయన ఒకరు, పళ్ల డాక్టరొకరు, కాలేజీ ఓనరొకరు, ఇంకో పదిమంది చేరారు. బొజ్జలకు సరిపోని బిగుతు బనీన్లు కుట్టించుకున్నారు. గేర్ల సైకిళ్లు కొన్నారు. వాటి మీదికి ఎక్కేటప్పుడు ఒకరు పట్టుకోవాలి, దిగేటప్పుడు ఇద్దరు పట్టుకోవాలి. అన్నీ సమకూరాక గుర్తొచ్చింది, ఈ చుట్టుపక్కల బ్రూవరీ లేదని. బొగ్గు ఉంది, కరెంటు ఉంది, ఎరువుల ఫ్యాక్టరీ ఉంది, బీరు కాచే జాగా ఒక్కటే లేదు.

భూపాల్ అధైర్యపడే మనిషి కాదు. గోదావరి బ్రిడ్జి దాటి, ఇందారం మీదుగా జైపూర్ వైపు పోతే బిక్షం గౌడు ఈతవనం ఉంది. చలికాలం పొద్దున్నే దించిన ఈతకల్లు తియ్యగా ఉంటుంది, నురగ కూడా ఉంటుంది. "ఇంతకన్న నేచురల్ బ్రూవరీ ఏడుంటది?" అన్నాడు భూపాల్. అందరూ చప్పట్లు కొట్టారు. బిక్షం తాత ముత్తాతలు గీసిన ఈతవనం ఆ విధంగా ఒక్క పూటలో బ్రూవరీ అయిపోయింది. మరుసటి ఆదివారం హైదరాబాదు నుంచి తెప్పించిన పిడి ఉన్న గాజు మగ్గులు పట్టుకుని వనంలోకి దిగారు. లొట్టి వంచి కల్లు పోస్తూ బిక్షం ఆ మగ్గుల వంక చూసి "గివి చాయకా సార్?" అని అడిగాడు. నవ్వారు కానీ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు.

యోబు వాళ్ల చేతికి ఎలా చిక్కాడంటే, వాళ్లు వనానికి బయలుదేరిన ఆ మొదటి ఆదివారం తెల్లవారుజామునే. రాత్రి షిఫ్టు దిగి, నెత్తిన లైటు టోపీతో, ఒంటి మీద బొగ్గుతో, తన పాత సైకిలు మీద చౌరస్తా దాటుతున్నాడు. అక్కడ ఈ క్లబ్బు వరస కట్టి ఫోటో దిగుతోంది. పేరు కోల్‌బెల్ట్ రైడర్స్, అందులో బొగ్గు ముట్టినవాడు ఒక్కడూ లేడు. భూపాల్ చూపు యోబు మీద పడింది.

"అన్నా, అన్నా! జర గిట్లరా. ఒక్క ఫోటో! అసలైన కార్మికుడంటె నువ్వే. అందరి కన్న ముందు నువ్వు నిలవడాలె."

అందరికన్నా ముందు! ఇక యోబు ఇంటికి ఏం పోతాడు? ఫోటో దిగాడు. పేరడిగారు, చెప్పాడు. "యోబన్నకు" అని భూపాల్ అరిస్తే, "జై" అన్నారు. టైల్సు షోరూము ఓనరు, పళ్ల డాక్టరు, కాలేజీ ఓనరు ఒక పంపు ఆపరేటరుకు జై కొట్టారు. మధ్యాహ్నానికి ఆ ఫోటో సగం ఊరి ఫోన్లలో ఉంది. యోబు ఆ సాయంత్రం పాలకని పోయి, పాలు మరచిపోయి, నలుగురికి ఫోటో చూపించి వచ్చాడు.

ఆ తర్వాతి ఆదివారానికి భూపాల్ తన పాత గేర్ల సైకిలు ఒకటి ఆయనకు ఇచ్చాడు. గేర్లు సగం పడవు, అందుకే ఇచ్చాడు. షరతు ఒక్కటే, నెత్తిన బాయి టోపీ పెట్టుకుని అందరికన్నా ముందు తొక్కాలి. డాక్టరు ఎలాగూ రోజూ నడవమన్నాడు కదా, సైకిలు తొక్కితే తప్పేంటని యోబు ఇంట్లో వాదించాడు. ఆదివారం ఆరాధన సంగతేంటని మార్తమ్మ అడిగితే, దేవుడు రోడ్డు మీద కూడా ఉంటాడన్నాడు. అది భూపాల్ నేర్పిన మాట.

ఆ సవారీల సొగసు ఒకసారి చూడాలి. ముందు యోబు, నెత్తిన టోపీ. వెనక రైడర్లు. వాళ్ల వెనక భూపాల్ కారు, దాన్ని డ్రైవరు నడిపిస్తుంటాడు, అందులో కల్లులో నంజుకోవడానికి గుడాలు, బోటి కూర, ఇంకా మగ్గులు. దాని వెనక ఒక ట్రాలీ ఆటో ఖాళీగా వస్తుంది. బ్రిడ్జి దాకా అందరూ తొక్కుతారు, ఎందుకంటే బ్రిడ్జి మీద ఫోటోలు బాగా వస్తాయి. కింద గోదావరి మీద మంచు, వెనక ఎర్రగా సూర్యుడు. బ్రిడ్జి దిగాక ఒక్కొక్కరే కారు వైపు చూస్తారు. ఈతవనం చేరేసరికి తొక్కేవాళ్లు ముగ్గురో నలుగురో మిగులుతారు. మిగతావాళ్లు కారు దిగి, మొహం మీద నీళ్లు చల్లుకుని, చెమట పట్టినట్టు ఫోటోలు దిగుతారు. కల్లు తాగాక ఎవరూ తొక్కే ప్రశ్నే లేదు. సైకిళ్లు ట్రాలీలో, మనుషులు కార్లో.

యోబుకు మాత్రం కార్లో సీటు ఉండదు. ఉంది అని ఎవరూ అనరు. "నీకేంది యోబన్న, ఉక్కు మనిషివి!" అని భూపాల్ కిటికీలోంచి చెయ్యి ఊపుతాడు. కారు దుమ్ము లేపుకుంటూ పోతుంది. ఉక్కు మనిషి ఆ దుమ్ములో, బొగ్గు టిప్పర్ల మధ్య, పడని గేర్లతో గోదావరిఖని దాకా ఒక్కడే తొక్కుకుంటూ వస్తాడు. దారి పొడుగునా ఆ రెండు మాటలే నెమరేసుకుంటూ వస్తాడు. తనను అవమానించారని ఆయనకు ఒక్కసారి కూడా తట్టలేదు. తడితే ఆయన యోబు ఎందుకవుతాడు?

ఆదివారం ముందుండాలంటే వారమంతా తొక్కాలని భూపాల్ చెప్పాడు. భూపాల్ వారమంతా ఏసీలో కూర్చున్నాడు, యోబు వారమంతా తొక్కాడు. క్రిస్మస్ వచ్చేసరికి నడుము తగ్గింది, మొహం తేటపడింది. మెట్లెక్కితే ఆయాసం లేదు. మామూలు ఇంట్లో అయితే దీనికి దేవుడికి కృతజ్ఞత చెబుతారు. మార్తమ్మకు గుండె గుభేలుమంది.

ఆ సాయంత్రమే లింగమూర్తిని పిలిపించింది. లింగమూర్తి కుర్చీ లాక్కుని, యోబును పైనుంచి కిందికి పరీక్షగా చూశాడు.

"ఏంది బావా గిట్లైనవ్? పెండ్లికొడుకు లెక్క ఉన్నవ్. గీ మొఖం పెట్టుకోని బోర్డుకు పోతవా? బోర్డు పిలుపు రేపో మాపో వస్తది. సైకిలు ఆపు. మూలకు కూసో. మంచిగ తిను, పండు."

"డాక్టరే తొక్కుమన్నడు" అన్నాడు యోబు.

"డాక్టరు నువ్వు బతకాలని చెప్తడు. నేను నీ బిడ్డ బతకాలని చెప్తున్న."

హన్నా లోపలి గదిలో పరీక్ష పేపర్లు దిద్దుతోంది. బయటికి వచ్చి తండ్రి ముందు కూర్చుంది. ఆ పిల్ల గొంతు ఎప్పుడూ పెంచదు.

"బాపు, నీకు రోగం రావాలని నేను కోరుకుంటలేను. నువ్వు మంచిగుంటె నాకు సంతోషమే. నెల రోజులు. బోర్డు అయ్యేదాక ఆగు. తర్వాత నువ్వు కాశ్మీర్ దాక తొక్కు, నేనే జెండా ఊపుత."

"సరే బిడ్డా" అన్నాడు యోబు. అప్పుడు ఆయన నిజంగానే ఆపుదామనుకున్నాడు. అలా అనుకోవడం ఆయనకు ఎప్పుడూ కష్టం కాదు.

రెండు ఆదివారాలు చర్చికి వెళ్లి పాడాడు. సంఘం భరించింది. మూడో వారం భూపాల్ ఇంటికే వచ్చాడు. క్వార్టరు ముందు కారు ఆగితే గల్లీ అంతా చూసింది. సీజన్‌లోకెల్లా పెద్ద రైడ్ అట, పేపరువాళ్లను కూడా పిలిచారట, బ్యానరు మీద యోబు ఫోటో వేశారట.

"యోబన్న లేకుంటె క్లబ్బే లేదు వదినా" అన్నాడు మార్తమ్మతో.

"క్లబ్బు లేకుంటె మాకు ఏం తక్కువ?" అన్నది మార్తమ్మ.

భూపాల్ నవ్వాడు. అలాంటి మాటలకు నవ్వడం వ్యాపారం చేసేవాళ్లకు అలవాటే. పోతూ పోతూ యోబు భుజం మీద చెయ్యి వేసి, "బ్యానరు కొట్టిచ్చిన అన్నా, ఇగ నీ ఇష్టం" అన్నాడు.

ఆ ఆదివారం తెల్లవారకముందే యోబు చెప్పులు చేత్తో పట్టుకుని దొంగలా బయటపడ్డాడు. కూతురి జీవితంతో ఆడుకుంటున్నానని తెలియక కాదు. తెలుసు. దానికి ఆయన తయారు చేసుకున్న మందు వింటే నవ్వాలో, చెప్పుతో కొట్టాలో తెలియదు. తొక్కడం వల్ల గుండె బాగైనా, కల్లు తాగితే మళ్లీ పాడవుతుంది కదా, రెండూ చెల్లు అనుకున్నాడు. బొగ్గుబాయిల మధ్య పుట్టి పెరిగినవాడికి తప్ప ఈ ఆలోచన ఇంకెవరికీ రాదు. ఒంటిని బాగు చేసుకోవడం ఒక తప్పు, దాన్ని పాడు చేసుకోవడం దానికి పరిహారం!

ఈతవనంలో పేపరువాళ్లు ఫోటోలు తీసుకున్నాక, యోబు బిక్షాన్ని పక్కకు పిలిచాడు.

"బిక్షం, నీ కల్లు తాగితె షుగరు పెరుగుతదా? గుండె ఖరాబైతదా?"

బిక్షం ముఖం ముడిచాడు. "ఏందన్నా గట్ల అంటవ్? చెట్టు మీదికెల్లి దించి వడగట్టి పోస్తున్న. నా కల్లు తాగి ఖరాబైనోడు ఒక్కడు లేడు."

"ఒక్కడు గూడ లేడా?" అన్నాడు యోబు దిగులుగా. అయినా రెండు మగ్గులు తాగాడు. తర్వాత అందరూ కారెక్కారు, ఆయన ఇంటిదాకా తొక్కుకుంటూ వచ్చాడు.

హన్నా గుమ్మంలోనే నిలబడి ఉంది. చేతిలో ఫోన్ ఉంది, అందులో బ్యానరు ఉంది. మార్తమ్మ మాత్రం గల్లీ వినేలా తిట్టింది. "నీకన్న ఆ పంపు నయం, చెప్పిన పని చేస్తది" అన్నది. యోబు తల వంచుకుని కాళ్లు కడుక్కున్నాడు. కడుక్కుంటూ, పేపర్లో ఫోటో రేపు వస్తుందా ఎల్లుండి వస్తుందా అని ఆలోచించాడు.

బోర్డు పిలుపు జనవరి చివర్లో వచ్చింది. తండ్రీకూతుళ్లు రాత్రి బస్సెక్కి పోయారు. కంపెనీ పెద్ద దవాఖాన వరండా నిండా మనుషులు. గడ్డాలు పెంచినవాళ్లు, కర్రలు పట్టుకున్నవాళ్లు, భార్యల భుజాల మీద వాలినవాళ్లు. అందులో నిజంగా నడవలేనివాళ్లు ఉన్నారు. వాళ్ల మధ్యలో యోబు గడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని, నిటారుగా నడుచుకుంటూ పోయాడు. ఒకాయన లేచి "డాక్టరు సారు ఎప్పుడొస్తడు సార్?" అని ఈయన్నే అడిగాడు.

వంతు వచ్చేముందు హన్నా ఆయన చొక్కా గుండీ సరిచేస్తూ చెప్పింది. "బాపు, నిన్ను అబద్ధం ఆడుమంటలేను. నటించుమంటలేను. మిషన్ మీద నడిపిస్తరు. అలిసినట్టు అనిపించంగనే దిగు. హీరో లెక్క చెయ్యకు. గంతే."

"గంతే గద బిడ్డా" అన్నాడు.

ఛాతీ మీద వైర్లు అంటించి, నడక మిషన్ ఎక్కించారు. హన్నాను తలుపు దగ్గర స్టూలు మీద కూర్చోనిచ్చారు. మిషన్ నెమ్మదిగా మొదలైంది. తర్వాత వేగం పెరిగింది, పట్టా ముందువైపు లేచింది. యోబు నడుస్తున్నాడు. అలసట కోసం ఎదురు చూస్తూనే నడిచాడు, అందులో అబద్ధం లేదు. అది వచ్చింది కూడా. కాళ్లు బరువెక్కాయి, నోరు ఎండింది. హన్నా స్టూలు మీద ముందుకు జరిగింది.

మిషన్ దగ్గరున్న కుర్రపిల్ల దయగానే అడిగింది. "దిగుతరా తాతా? మీ వయసుకు ఇంత చాలు. చాన మంది ఇక్కడికే దిగిపోతరు."

చాలామంది ఇక్కడికే దిగిపోతారు! ఆ మాట అనకుండా ఉంటే ఎంత బాగుండేది. యోబు ఒకసారి తలుపు వైపు చూశాడు, కూతురు కనిపించింది. దిగమని చెయ్యి కూడా ఊపింది. కడ్డీ మీది నుంచి ఒక చెయ్యి తీశాడు, దిగబోయినట్టే దిగబోయాడు. మళ్లీ పట్టుకున్నాడు.

"నడువనియ్ బిడ్డా. ఇంకా పెంచు" అన్నాడు.

పెంచింది. పూర్తయ్యేదాకా నడిచాడు. ఆ పిల్ల వైర్లు పీకుతూ "అబ్బ, సూపర్ తాతా!" అన్నది.

రక్తం, షుగరు, గుండె ఫోటో, అన్నీ అయ్యాక మధ్యాహ్నం డాక్టర్ల ముందు నిలబెట్టారు. పెద్ద డాక్టరు పాత కాగితాలు, కొత్త కాగితాలు పక్కపక్కన పెట్టి చూసి, కళ్లజోడు తీశాడు.

"రెండూ మీవేనా? ఏం చేశారు మీరు?"

"సైకిల్ సార్" అన్నాడు యోబు. ప్రశ్న పూర్తవడమే ఆలస్యం అన్నట్టు. "ప్రతి ఐతారం గోదావరి దాటి పోతం సార్. క్లబ్బున్నది మాది. అందరికన్న ముందు నేనే ఉంట."

"శభాష్" అన్నాడు డాక్టరు. మనస్ఫూర్తిగా అన్నాడు, అందులో ఆయన తప్పేమీ లేదు. "కుర్రాళ్లు మీ దగ్గర నేర్చుకోవాలి. గుండె బాగా పనిచేస్తోంది, షుగర్ అదుపులో ఉంది. నిశ్చింతగా డ్యూటీ చేసుకోండి."

అంటే ఫిట్. హన్నాకు రావాల్సిన ఉద్యోగం ఆ మాటతో పోయింది. పక్కనే నిలబడ్డ హన్నాకు వెంటనే అర్థమైంది. యోబుకు కూడా అర్థమైంది, కానీ కాస్త ఆలస్యంగా. ఆ కాస్తసేపట్లో ఆయన ముఖం మీద ఒక నవ్వు వచ్చింది. చెవుల దాకా సాగిన నవ్వు. శభాష్ అన్న మాట విన్న ముఖం ఇంకేం చేస్తుంది? ఆ తర్వాతే గుర్తొచ్చి ఏడుపు ముఖం పెట్టాడు, కళ్లలో నీళ్లు కూడా వచ్చాయి. అవి దొంగ కన్నీళ్లు కావు. అయితే ఏం? వరసలో రెండోవి.

బస్టాండులో ఇద్దరూ ఒకే బెంచీ మీద కూర్చున్నారు. యోబు తెచ్చిన చాయ్ హన్నా తాగలేదు. ఆయనే నోరు విప్పాడు.

"నేను కావాలని చెయ్యలేదు బిడ్డా. గుండె మంచిగైంది, నేనేం చేసేది? దేవుని చిత్తం అనుకోవాలె."

హన్నా రోడ్డు వైపే చూస్తోంది.

"నీ గుండె మంచిగైనందుకు నాకు కోపం లేదు బాపు. అది నిజంగనే మంచిది" అన్నది. "మిషన్ దిగకపోతివి, దానికి గూడ లేదు. నీ గుణం నాకు తెల్వదా?"

యోబుకు ప్రాణం లేచొచ్చింది. కూతురు క్షమించేసిందనుకుని ఇటు తిరిగాడు.

"ఫిట్ అన్నప్పుడు నువ్వు నవ్వినవ్" అన్నది హన్నా. "నేను నీ పక్కనే ఉన్న. నవ్వినవ్ బాపు."

ఆమె తాగని చాయ్ చేతిలోకి తీసుకుని ఆయన లేచాడు. అప్పటికే ఆమె సంచీ భుజాన వేసుకుని, వచ్చిన బస్సు వైపు నడిచిపోతోంది.